'ఫార్వర్డెడ్ యాజ్ రిసీవ్డ్' అని రాస్తే కేసు తప్పుతుందా?

ప్రశ్న: పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠా తిరుగుతోందంటూ ఒక మహిళ ఫొటో, దాంతోపాటు ఒక వీడియో మా బంధువుల గ్రూపులో వచ్చాయి. నలుగురూ జాగ్రత్తపడతారని మా అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టాను. కింద 'ఫార్వర్డెడ్ యాజ్ రిసీవ్డ్' అని కూడా రాశాను. తీరా చూస్తే ఆమెకు ఏ ముఠాతోనూ సంబంధం లేదట. ఆమె ఫిర్యాదు చేసిందని, స్టేషన్‌కు రావాలని నాకు వాట్సాప్‌లో నోటీసు వచ్చింది. నేను రాసింది కాదు కదా, కేసు నిలుస్తుందా? మెసేజ్ తీసేయనా? అపార్ట్‌మెంట్ గ్రూపు అడ్మిన్ మా మరిదే. ఆయనకూ ఇబ్బందేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: 'నేను రాయలేదు' అన్న ఒక్క మాట మిమ్మల్ని కాపాడదమ్మా. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 353 తప్పుడు సమాచారాన్ని పుట్టించినవాళ్లనీ, ప్రచారంలో పెట్టినవాళ్లనీ ఒకే గాటన కట్టింది. జనంలో భయం రేపి, దానివల్ల ఎవరైనా ప్రజాశాంతికి భంగం కలిగించే నేరానికి దిగేలా ఉంటే మూడేళ్ల వరకు జైలు, జరిమానా, లేదా రెండూ. పిల్లల్ని ఎత్తుకెళ్లేవాళ్లన్న అనుమానంతో 2018లో దేశంలో పలుచోట్ల అమాయకులను కొట్టి చంపారు. అందుకే ఇలాంటి మెసేజ్‌ను పోలీసులు తేలిగ్గా తీసుకోరు. ఆమె పరువు నష్టం కింద కూడా మెజిస్ట్రేటు దగ్గరకు వెళ్లవచ్చు. అది సెక్షన్ 356, రెండేళ్ల వరకు సాధారణ జైలు.

ఇక 'ఫార్వర్డెడ్ యాజ్ రిసీవ్డ్' సంగతి. ఆ మూడు ముక్కలకు చట్టంలో ఏ రక్షణా లేదు. పైపెచ్చు, 'ఇది నిజమో కాదో నేను చూడలేదు' అని మీ చేత్తో మీరే రాసిచ్చినట్టయింది. తమిళ నటుడు, మాజీ ఎమ్మెల్యే ఎస్.వి. శేఖర్ 2018లో మహిళా జర్నలిస్టులను కించపరిచే పోస్టు ఒకటి ఫేస్‌బుక్‌లో పంచుకున్నారు. రాసింది ఆయన కాదు. కొద్ది గంటల్లోనే తీసేసి క్షమాపణ కూడా చెప్పారు. అయినా కేసులు కొట్టివేయడానికి 2023 జులైలో మద్రాసు హైకోర్టు ఒప్పుకోలేదు. కంట్లో మందు వేసుకుని ఉండటంతో చదవకుండానే పంచుకున్నారని ఆయన లాయరు సుప్రీంకోర్టులో చెప్పినా ఆగస్టులో అక్కడా ఊరట దొరకలేదు.

అయితే సెక్షన్ 353లోనే మీకు పనికొచ్చే మినహాయింపు ఒకటుంది. నిజమని నమ్మడానికి సమంజసమైన కారణం ఉండి, సద్భావంతో, ఎలాంటి దురుద్దేశం లేకుండా పంపితే అది నేరం కాదు. చాలామంది బోల్తాపడేది ఇక్కడే. మనసులో చెడు లేకపోతే చాలనుకుంటారు. తగిన జాగ్రత్త, శ్రద్ధ లేకుండా చేసిన పనిని సద్భావంతో చేసినట్టు లెక్కించబోమని సెక్షన్ 2(11) అంటోంది. కాబట్టి మీ కేసంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: పంపేముందు మీరు ఏం చూశారు?

మీకొచ్చిన మెసేజ్ మీద జంట బాణాల గుర్తు ఉందేమో చూడండి. ఉంటే అది కనీసం ఐదు చేతులు మారాకే మీదాకా వచ్చిందని అర్థం. అందులో తేదీ ఉందా? ఏ స్టేషన్‌లో కేసు నమోదైందో ఉందా? ఈ రెండూ లేని 'పోలీసు హెచ్చరిక'ను నేనైతే నమ్మను. వీడియో నిజమైనదే కావచ్చు, దానికి తగిలించిన కథ అబద్ధం కావచ్చు. 2018లో మన దేశమంతా తిరిగిన కిడ్నాప్ వీడియో అలాంటిదే. బైకు మీద వచ్చినవాళ్లు వీధిలో ఆడుకుంటున్న పిల్లాణ్ని ఎత్తుకుపోతారు. అది తప్పిపోయిన పిల్లల గురించి కరాచీలో తీసిన అవగాహన ప్రకటన. పిల్లాణ్ని తిరిగి దింపేసి సందేశం చూపే చివరి భాగాన్ని కత్తిరించి తిప్పారు. వీడియోలో ఒక దృశ్యాన్ని స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వెతికితే ఇలాంటివి చాలావరకు బయటపడతాయి. మీరు ఇలా వెతికి ఉంటే, పోలీసుల అధికారిక ఖాతా చూసి ఉంటే, పంపినవాళ్లను 'ఎక్కడిది?' అని అడిగి ఉంటే ఆ ఆధారాలన్నీ భద్రపరచండి. ఏమీ చేయకపోతే చేశానని మాత్రం చెప్పొద్దు. ఫోన్ పోలీసుల చేతికి వెళ్తే అబద్ధం ఇట్టే తేలిపోతుంది.

మీకొచ్చిన నోటీసుకూ ఇదే పరీక్ష పెట్టాలి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 35 కింద నిందితులకిచ్చే నోటీసులను వాట్సాప్‌లో పంపకూడదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో స్పష్టం చేసింది. అలాగని పక్కన పడేయకండి. అందులో ఉన్న నంబరుకు కాకుండా, స్టేషన్ అధికారిక నంబరుకు ఫోన్ చేసి నిజమో కాదో కనుక్కోండి. వీడియో కాల్‌లో కూర్చోబెట్టి 'డిజిటల్ అరెస్ట్' అన్నా, కేసు లేకుండా చేస్తామని డబ్బు అడిగినా అది మోసమే. చట్టంలో అలాంటి అరెస్టు లేదు. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు చెప్పండి. నోటీసు నిజమైనదైతే లాయరుకు చూపించి, చెప్పిన రోజున హాజరవండి. సెక్షన్ 35 నోటీసు ప్రకారం హాజరై సహకరిస్తున్నంతకాలం, కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయకుండా పోలీసులు అరెస్టు చేయకూడదు.

మెసేజ్ సంగతి తొందరపడి తేల్చకండి. సాక్ష్యం కాబోయే ఎలక్ట్రానిక్ రికార్డును దొరక్కుండా చేయడానికి చెరిపేయడం న్యాయ సంహిత సెక్షన్ 241 కింద వేరే నేరం. ముందు తేదీ, సమయం, ఎవరి నుంచి వచ్చిందో కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయండి. మీకు మెసేజ్ వచ్చిన చాట్‌ను అసలు ముట్టుకోవద్దు. అపార్ట్‌మెంట్ గ్రూపులో మాత్రం 'ఆ వార్త తప్పు, ఆ మహిళకు సంబంధం లేదు, ఎవరూ పంపొద్దు' అని ఈరోజే పెట్టండి. ఆమె ఫొటో మళ్లీ జోడించకండి. మీ పోస్టును తీసేయాలా వద్దా అన్నది లాయరు సమక్షంలో దర్యాప్తు అధికారికి చెప్పి నిర్ణయించుకోండి.

మీ మరిదికి భయం అక్కర్లేదు. సభ్యులు పెట్టినదానికి అడ్మిన్‌ను బాధ్యుణ్ని చేయలేమని 2021లో బాంబే హైకోర్టు నాగపూర్ ధర్మాసనం, 2022లో కేరళ హైకోర్టు చెప్పాయి. ఆయన కూడా అదే ఫొటోను ఇంకో గ్రూపులోకి పంపి ఉంటే మాత్రం అడ్మిన్ హోదాతో పనిలేదు, మీకు చెప్పినవన్నీ ఆయనకూ వర్తిస్తాయి.