లాక్‌డౌన్‌లో రద్దయిన విమానం టికెట్: క్రెడిట్ షెల్ గడువు దాటితే డబ్బు పోయినట్టేనా?

పోదు. క్రెడిట్ షెల్ అంటే నగదుకు బదులు, తర్వాతి టికెట్‌కు వాడుకోమని ఎయిర్‌లైన్ మీ పేరిట ఉంచే సొమ్ము. దాని గడువు పొడిగించమని కాదు, రీఫండ్ ఇమ్మని అడగండి.

2020 అక్టోబర్ 1న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, లాక్‌డౌన్‌కు ముందు బుక్ చేసి 2020 మే 24 లోపు ప్రయాణించాల్సిన టికెట్లకు ఎయిర్‌లైన్ 15 రోజుల్లో డబ్బు తిరిగివ్వాలి. ఆర్థిక ఇబ్బందుల్లో ఉన్న కంపెనీ క్రెడిట్ షెల్ ఇవ్వొచ్చు, అదీ 2021 మార్చి 31 వరకే. అప్పటికి వాడకుండా మిగిలిన సొమ్ము నగదుగా వెనక్కి రావాలి. "ఎక్స్‌పైర్ అయిపోయిందండీ" అనే కస్టమర్ కేర్ జవాబు ఇక్కడ చెల్లదు.

పైగా క్రెడిట్ షెల్ ఇచ్చిన టికెట్లకు అదనపు మొత్తం కూడా ఉంది: రద్దయిన తేదీ నుంచి 2020 జూన్ 30 దాకా నెలకు 0.5 శాతం, తర్వాత 2021 మార్చి 31 దాకా 0.75 శాతం. మే 1న రద్దయిన 10,000 రూపాయల టికెట్‌కు 2 నెలలకు 100, మిగతా 9 నెలలకు 675, మొత్తం 10,775 రావాలి.

ట్రావెల్ ఏజెంట్ ద్వారా బుక్ చేసి ఉంటే చిక్కంతా అక్కడే. రీఫండ్ ఏజెంట్ ఖాతాకే వెళ్తుంది, అతను వెంటనే మీకివ్వాలి. అందుకే ముందు పీఎన్‌ఆర్‌తో ఎయిర్‌లైన్‌కు మెయిల్ పెట్టి, ఏ తేదీన ఎంత జమచేశారో రాతపూర్వకంగా తీసుకోండి. ఆ కాగితం లేకపోతే ఇద్దరూ ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు.

తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలంటే మాత్రం రెండేళ్ల కాలపరిమితి ఉంది. ఇప్పుడు వేస్తే ఆలస్యానికి కారణం చూపాలి. మే 24 తర్వాతి ప్రయాణాలకు ఈ తీర్పులోని క్రెడిట్ షెల్ ఏర్పాటు వర్తించదు, విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ మామూలు రీఫండ్ నిబంధనలే.