మా అమ్మాయి జుట్టు పీక్కుంటోంది, ఏం చేయాలి? – నా అనుభవం నుంచి సమాధానం

తొమ్మిదో తరగతి చదువుతున్న మీ అమ్మాయి నడినెత్తిన జుట్టు పీక్కుంటోందనీ, గోళ్లు రక్తం వచ్చేదాకా కొరుక్కుంటోందనీ, తిట్టినా బతిమాలినా మానడం లేదనీ రాసి, ఇది మొండితనమా, జబ్బా అని అడిగారు. ఇది జబ్బే, చికిత్స ఉన్న జబ్బు. ఏడో తరగతిలో నాకు మొదలై, ఉద్యోగంలో చేరాక గానీ సరైన వైద్యం అందలేదు కాబట్టి, ఇంట్లోవాళ్లకు ముందే తెలిసి ఉంటే బాగుండేదని నాకు అనిపించిన విషయాలు రాస్తున్నాను.

జుట్టు పీక్కునే జబ్బును వైద్యులు ట్రైకోటిల్లోమేనియా అంటారు. 1889లో హాలోపో అనే ఫ్రెంచి చర్మవైద్యుడు పెట్టిన పేరు అది. నూటికి ఒకరిద్దరిలో ఉంటుందని అంచనా. ఎక్కువమందికి పది, పదమూడేళ్ల మధ్య మొదలవుతుంది. ఇలాంటిదే అయిన చర్మం గిల్లుకోవడాన్ని, అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో వెలువరించిన డీఎస్ఎం-5 అనే జబ్బుల వర్గీకరణ విడి జబ్బుగా గుర్తించి, ఈ రెంటినీ ఓసీడీకి (వద్దనుకున్నా అవే ఆలోచనలు, చేతలు పదేపదే వచ్చే జబ్బు) దగ్గరి జబ్బుల వరుసలో చేర్చింది. గోళ్లు కొరకడం పిల్లల్లో మామూలే గానీ, గోరుచుట్టు లేచి చీము పట్టినా ఆపుకోలేకపోతున్నారంటే అదీ ఈ కోవలోకే వస్తుంది.

మన ఇళ్లలో నెత్తిమీద మచ్చలా జుట్టు పోతే ముందుగా పేనుకొరుకుడు అనుకుంటారు. నాకూ అలాగే అనుకుని గురివింద గింజ అరగదీసి రాశారు. అది విషపు గింజ, దయచేసి ఆ పని చేయకండి. పేనుకొరుకుడులో మచ్చ గుండ్రంగా, నున్నగా ఉంటుంది. పీక్కున్న చోట అంచులు వంకరటింకరగా ఉండి, తెగిన వెంట్రుకలు రకరకాల పొడవుల్లో గరుగ్గా చేతికి తగులుతాయి. చర్మవైద్యులు దీన్ని సులువుగానే గుర్తుపడతారు కాబట్టి ముందు వారికి చూపించడం మంచిదే, కానీ వైద్యం అక్కడితో ఆగిపోకూడదు.

లోపల ఏం జరుగుతుందో చెబుతాను. చదువుకునేటప్పుడు మోచేయి బల్లమీద ఆనించగానే నా ఎడమ చేయి నాకు తెలియకుండానే తలలోకి వెళ్లేది. బొటనవేలు, చూపుడువేలు వెంట్రుకల్లో వెతుకుతూ, మిగతావాటికంటే ముతకగా, మెలికలు తిరిగి ఉన్న ఒక్క వెంట్రుకను పట్టుకునేవి. దాన్ని పీకి, కుదురు దగ్గరి తెల్లటి ముద్దను పెదవికి తాకించుకున్నప్పుడు క్షణకాలం ప్రాణం కుదుటపడేది, ఆ వెంటనే పుస్తకం మీద పడిన వెంట్రుకలు చూసి సిగ్గుతో కుంచించుకుపోయేదాన్ని. ఇలా తెలియకుండా పీక్కోవడం ఒక తీరు. దిగులో కోపమో ముంచుకొచ్చినప్పుడు, అద్దం ముందు నిలబడి తెలిసే పీక్కోవడం ఇంకో తీరు. చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి. విసుగు, అలసట, ఆందోళన, వేళ్లకు తగిలే ఆ గరుకుదనం, వీటిలో మీ పాప చేతిని కదిలిస్తున్నది ఏదో తెలిస్తే తప్ప వైద్యం కుదురుకోదు.

అందుకే తిట్టడం, చేతిమీద కొట్టడం, బంధువుల ముందు నెత్తి చూపించడం పూర్తిగా మానేయండి. అవమానం పెరిగితే పీకడమూ పెరుగుతుంది. పిల్ల స్నానాల గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని పీక్కుంటుంది. గోళ్లకు వేపనూనె రాయడం కొందరికి కాస్త గుర్తుచేసే సాయంగా పనికొస్తుందే గానీ, శిక్షగా రాస్తే పనికిరాదు. గుండు చేయిస్తే పోతుందని మీకూ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. నాకు గుండు చేయించాక చేయి కనుబొమల మీదికి వెళ్లింది.

నాకు పనిచేసింది హ్యాబిట్ రివర్సల్ ట్రైనింగ్. 1973లో అజ్రిన్, నన్ అనే అమెరికా మనస్తత్వవేత్తలు రూపొందించిన ఈ పద్ధతికి ఇప్పటికీ అన్నిటికంటే గట్టి ఆధారాలున్నాయి. ఇందులో మొదటి మెట్టు గుర్తుపట్టడం: చేయి ఎప్పుడు, ఎక్కడ, ఏ భంగిమలో తలవైపు లేస్తోందో పాప స్వయంగా ఒక చిన్న పుస్తకంలో రాసుకోవాలి. తర్వాత, చేయి లేవబోతున్నట్టు తెలియగానే పిడికిలి బిగించి ఒకటి రెండు నిమిషాలు ఒడిలో ఉంచుకోవడం వంటి, పీకడానికి వీలివ్వని పని ఒకటి చేయాలి. ఇంట్లో ఒకరు నెమ్మదిగా గుర్తుచేస్తూ, ఆపుకున్నప్పుడు మెచ్చుకోవాలి. ఆ ఒకరు ఎవరో పాపే ఎంచుకోవాలి. వీటికి తోడు చుట్టూ ఉన్నవాటిని కూడా మార్చుకోవచ్చు. నేను చదువుకునేటప్పుడు బొటనవేలికి, చూపుడువేలికి బ్యాండ్ ఎయిడ్ చుట్టుకునేదాన్ని, కొబ్బరినూనె బాగా పట్టించి జడ వేసుకునేదాన్ని, నూనెకు వెంట్రుక జారిపోయి పట్టు దొరికేది కాదు. చర్మం గిల్లుకునేవారు భూతద్దంలా పెద్దగా చూపే అద్దాన్ని తీసేసి, మొటిమ మీద పింపుల్ ప్యాచ్ అతికించుకోవడం మేలు.

మందుల సంగతి జాగ్రత్తగా చెప్పాలి. 2009లో యాభైమంది పెద్దవాళ్ల మీద పన్నెండు వారాలు జరిగిన పరీక్షలో ఎన్-అసిటైల్ సిస్టీన్ అనే మందు తీసుకున్నవారిలో 56 శాతం మందికి, ఉత్తుత్తి మాత్రలు తీసుకున్నవారిలో 16 శాతం మందికి గుణం కనిపించింది. కానీ పిల్లల మీద చేసిన పరీక్ష 2013లో వెలువడినప్పుడు అలాంటి తేడా ఏమీ కనబడలేదు. కాబట్టి పెద్దవాళ్ల అనుభవం చదివి మందుల షాపులో కొని పాపకు ఇవ్వకండి. తోడుగా దిగులో, ఆందోళనో ఉంటే దానికి మందు అవసరమా అన్నది మానసిక వైద్యులే తేల్చాలి.

ఒక ప్రశ్న మాత్రం పాపను ఒంటరిగా, మెల్లగా అడగండి: పీకిన వెంట్రుకలు మింగుతోందా? జుట్టు అరగదు, కడుపులో ఉండకట్టవచ్చు. మింగే అలవాటు ఉండి కడుపునొప్పి, వాంతులు, ఆకలి తగ్గడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రిలో చూపించాలి.

‘ఎర్రగడ్డకు తీసుకెళ్తే నలుగురూ ఏమనుకుంటారు’ అన్న భయం మీ ప్రశ్నలోనూ ఉంది. అక్కడి ప్రభుత్వ మానసిక వైద్యశాలలో రోజూ ఎంతోమంది ఓపీలో చూపించుకుని ఇంటికి వెళ్తుంటారు. ముందు ఫోనులో మాట్లాడాలనుకుంటే, మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే ఫోను సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416, తెలుగులోనే ఉచితంగా మాట్లాడవచ్చు. ఎవరి దగ్గరికి వెళ్లినా హ్యాబిట్ రివర్సల్ చేయించే క్లినికల్ సైకాలజిస్టు ఉన్నారా అని ముందే అడగండి. చాలామంది కౌన్సెలింగ్ అని మంచి మాటలు చెప్పి పంపేస్తారు, దానివల్ల ఇది తగ్గదు.

ఏళ్ల తరబడి ఒకేచోట పీకితే కుదుళ్లు దెబ్బతినవచ్చు గానీ, పాప వయసులో సాధారణంగా జుట్టు మళ్లీ వస్తుంది. అయితే కొత్తగా మొలిచే వెంట్రుకలు పొట్టిగా, నిక్కబొడుచుకుని ఉండి, వేళ్లను మళ్లీ అటే లాగుతాయి. నాకు అన్నిటికంటే కష్టమైనవి ఆ నెలలే. పరీక్షల ముందు కూడా తిరగబెట్టవచ్చు. ఈ సంగతి పాపకు ముందే చెప్పి ఉంచండి. అప్పుడు మళ్లీ ఒక మచ్చ కనిపించినా మీ దగ్గర దాచకుండా వచ్చి చెబుతుంది.