నాలుగు లోడ్ సెల్‌లకు ఒక్క ఏడీసీ చాలుతుందా?

ప్రశ్న: ధాన్యం బస్తాలు తూచడానికి మా మిల్లులో నాలుగు మూలలా ఒక్కొక్క 500 కిలోల లోడ్ సెల్ (బరువును విద్యుత్ సంకేతంగా మార్చే పరికరం) బిగించి ఒక ప్లాట్‌ఫారం తయారు చేసుకున్నాను. నాలుగింటి వైర్లనూ ఒకచోట కలిపి ఒకే హెచ్ఎక్స్711 మాడ్యూల్‌కు (ఆ సంకేతాన్ని అంకెలుగా మార్చే ఏడీసీ), అక్కడి నుంచి ఆర్డుయినో అనే చిన్న కంప్యూటర్ బోర్డుకు ఇచ్చాను. అదే 50 కిలోల బస్తా ఒక్కో మూలలో ఒక్కో తూకం చూపిస్తోంది. తేడా అరకిలో దాకా ఉంటోంది. చివరి అంకెలు కూడా నిలవడం లేదు. సెల్‌కు ఒకటి చొప్పున నాలుగు ఏడీసీలు పెట్టుకోవాలా?
- ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: అక్కరలేదు. మొత్తం బరువు తెలిస్తే చాలనుకునే చోట నాలుగు సెల్‌లను సమాంతరంగా కలిపి ఒకే ఏడీసీకి ఇవ్వడమే సరైన పద్ధతి. అయితే అలా కలిపినప్పుడు ఏడీసీకి అందేది నాలుగు సంకేతాల మొత్తం కాదు, వాటి సగటు. మామూలు లోడ్ సెల్, పూర్తి బరువు మీద, తనకిచ్చిన ఒక్కో వోల్టుకు 2 మిల్లీవోల్టులు ఇస్తుంది. 5 వోల్టులు ఇస్తే 10 మిల్లీవోల్టులు. మీ ప్లాట్‌ఫారం మొత్తం సామర్థ్యం 2,000 కిలోలైనా వచ్చేది ఆ 10 మిల్లీవోల్టులే కనుక, 50 కిలోల బస్తాకు దక్కేది పావు మిల్లీవోల్టు మాత్రమే.

మూలల తేడాకు కారణం సాధారణంగా సెల్‌లే. ఒకటి వోల్టుకు 2.00, మరొకటి 2.02 మిల్లీవోల్టులు ఇస్తుంటే ఆ ఒక్క శాతం తేడాయే 50 కిలోల మీద 500 గ్రాములవుతుంది. సెల్‌లతో వచ్చిన పత్రాల్లోని అంకెలను పోల్చి చూడండి. కానీ అంతకంటే ముందు ప్లాట్‌ఫారం నాలుగు సెల్‌ల మీదా సమానంగా ఆనుతోందో లేదో చూసుకోవాలి. ముక్కాలిపీట ఎలాంటి నేల మీదైనా కుదురుగా నిలుస్తుంది, నాలుగు కాళ్ల పీటే ఊగుతుంది. ఒక మూల గాలిలో ఉంటే సన్నని రేకు ముక్క పెట్టి ఎత్తు సరిచేయండి. ఆ తరువాతే, వైర్లు కలిసే జంక్షన్ బాక్సులో నిరోధాన్ని పెంచే, తగ్గించే పొటెన్షియోమీటర్ల జోలికి వెళ్లండి. అన్నిటికంటే తక్కువ చూపే మూలను అలాగే ఉంచి, మిగతా మూడింటినీ దానికి సరిపోయేదాకా తగ్గించాలి. సుమారు 400 ఓమ్‌ల ఇన్‌పుట్ నిరోధం గల సెల్‌కు ఒక శాతం తగ్గించాలంటే, సెల్‌కు వోల్టేజీ ఇచ్చే ఎక్సైటేషన్ వైరులో వరుసగా దాదాపు 4 ఓమ్‌లు చేర్చితే సరిపోతుంది.

ఇక అంకెలు నిలవకపోవడం. హెచ్ఎక్స్711 24 బిట్ల ఏడీసీ. 24 బిట్లంటే 1,67,77,216 మెట్లని పెట్టె మీది అంకె చూసి సంబరపడతాం గాని, వాటిలో చాలా మెట్లు రణగొణలో, అంటే అక్కరలేని విద్యుత్ ఊగిసలాటలో (నాయిస్) మునిగిపోతాయి. హెచ్ఎక్స్711లో 128 రెట్ల గెయిన్ (సంకేతాన్ని పెంచే మేర), సెకనుకు 10 రీడింగుల వేగం వద్ద నాయిస్ 50 నానోవోల్టులని డేటాషీటు చెబుతుంది. రీడింగు అటూ ఇటూ ఊగే వెడల్పు దానికి సుమారు ఆరు రెట్లు. మీ ప్లాట్‌ఫారంలో కిలోకు వచ్చేది 5 మైక్రోవోల్టులు కాబట్టి ఆ ఊగిసలాట దాదాపు 60 గ్రాములు. పది రీడింగుల సగటు తీస్తే అది మూడో వంతుకు దిగుతుంది. నన్నడిగితే అసలు 500 కిలోల సెల్‌లే ఈ పనికి ఎక్కువ. బస్తాను విసిరేసినప్పటి దెబ్బను లెక్కలో ఉంచుకున్నా 200 కిలోలవి చాలు. సంకేతం రెండున్నర రెట్లు పెరుగుతుంది.

కరెంటు సంగతి కూడా మరువకండి. నాలుగు 350 ఓమ్‌ల సెల్‌లు సమాంతరంగా 87.5 ఓమ్‌లవుతాయి, 5 వోల్టుల వద్ద దాదాపు 57 మిల్లీఆంపియర్లు లాగుతాయి. ఒక సెల్‌తోనూ, నాలుగింటితోనూ ఎక్సైటేషన్ వోల్టేజీని మీటరుతో కొలిచి, బాగా పడిపోతుంటే వోల్టేజీని నిలకడగా ఉంచే వేరే రెగ్యులేటర్ పెట్టండి. మిల్లు మోటార్ల పక్క నుంచి వైర్లు పోనివ్వకండి. కేబుల్ షీల్డును (వైర్ల చుట్టూ ఉండే లోహపు తొడుగును) ఒక్క చివరే గ్రౌండు చేయండి.

ఏ మూల మీద ఎంత భారం పడుతోందో విడిగా తెలియాల్సిన గాదెల్లో, ట్యాంకుల్లో మాత్రం సెల్‌కొక ఏడీసీ ఉపయోగమే. అప్పుడు సవరణ కూడా ప్రోగ్రాములోనే చేసుకోవచ్చు, చెడిన సెల్ వెంటనే దొరుకుతుంది.

ఒక్క మాట. ఈ కాటాను మిల్లు లోపలి లెక్కకే వాడండి. రైతుకు డబ్బు కట్టే తూకానికి 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం ప్రకారం తూనికలు, కొలతల శాఖ పరీక్షించి ముద్ర వేసిన యంత్రమే ఉండాలి.