పున్నమి చంద్రుణ్ణి ఎప్పుడు, ఎక్కడ, ఎలా చూడాలి: మేనకోడలికి లేఖ

హనుమకొండ

చిరంజీవి మేనకోడలికి,

మీ మామ ఆశీస్సులతో రాయునది. మీ బడి పిల్లలకు సూపర్ మూన్ చూపించాలనుకుంటున్నానని, అందుకు ఏమేం సిద్ధం చేసుకోవాలో చెప్పమని అడిగావు. నాకు చాలా సంతోషమైంది బిడ్డా. అయితే ఏర్పాట్ల కంటే ముందు ఒక సంగతి నీకు స్పష్టంగా ఉండాలి. ఆ ఒక్క రాత్రి మాత్రమే పిల్లలను ఆరుబయట నిలబెట్టి చంద్రుడు ఎంత పెద్దగా ఉన్నాడో చూడమంటే, వాళ్ల కంటికి ఏ తేడా కనిపించదు. ప్రతి నెలా పున్నమిని ఒకే చోటి నుంచి చూసిన పిల్లలకే సూపర్ మూన్ తేడా తెలుస్తుంది.

కారణం ఇది. చంద్రుడు దీర్ఘవృత్తంలో తిరుగుతాడు కనుక ఒకసారి భూమికి దాదాపు 3,57,000 కిలోమీటర్ల దూరానికి వస్తాడు, మరొకసారి 4,06,000 దాకా వెళతాడు. దగ్గరగా ఉన్నప్పుడు పున్నమి పడితే దానిని సూపర్ మూన్ అంటున్నారు. 1979లో రిచర్డ్ నోల్ అనే జ్యోతిష్కుడు పెట్టిన ఈ పేరుకు ఖగోళ శాస్త్రంలో అందరూ ఒప్పుకున్న కొలత లేదు, అందుకే ఏడాదికి మూడని ఒక పత్రిక, నాలుగని మరొక పత్రిక రాస్తుంటాయి. అత్యంత దూరపు పున్నమితో పోలిస్తే వ్యాసంలో 14 శాతం, వెలుగులో 30 శాతం ఎక్కువ అన్నది నిజమే, కానీ ఆ రెండు చంద్రులు ఆకాశంలో పక్కపక్కన ఎన్నడూ నిలబడరు. సాధారణ పున్నమితో పోలిస్తే వ్యాసంలో తేడా ఏడు శాతమే.

అందువల్ల ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టే పని నువ్వే చేయాలి. దూరపు పున్నమికి, దగ్గరి పున్నమికి మధ్య సుమారు ఏడు నెలలు ఉంటాయి. 2026లో మే 31 నాటి అధిక జ్యేష్ఠ పున్నమి దూరపుది, డిసెంబర్ 24 నాటిది దగ్గరిది. ఒకే కెమెరాతో, ఒకే జూమ్‌తో, చంద్రుడు దాదాపు ఒకే ఎత్తులో ఉన్నప్పుడు తీసిన ఆ రెండు ఫోటోలను ఒకే కాగితం మీద అచ్చు వేయించి గోడకు అంటిస్తే, ఇక వివరించవలసిన పని ఉండదు. ఫోన్‌తో తీసేటప్పుడు తెరపై చంద్రుణ్ణి తాకి, వెలుగును బాగా తగ్గించాలి. రాత్రి కనిపించినా అది ఎండలో మెరిసే నేలే కనుక, తగ్గించకపోతే తెల్లని చుక్క తప్ప మరేమీ పడదు.

సమయం విషయంలో పంచాంగాన్ని నమ్ముకో. పౌర్ణమి తిథి ముగిసే క్షణమే చంద్రుడు సూర్యునికి సరిగ్గా ఎదురుగా ఉండే క్షణం. ఆ క్షణానికి దగ్గరగా ఉన్న సాయంత్రమే మనకు కావలసినది. 2026 డిసెంబర్‌లో అది 24వ తేదీ ఉదయం ఏడు గంటల ప్రాంతంలో ఉంది కనుక 23, 24 రెండు సాయంత్రాలూ పనికివస్తాయి. 23న సూర్యుడు ఉండగానే చంద్రుడు లేస్తాడు, నేల, చెట్లు, గుట్టలు కూడా కనిపిస్తాయి కనుక ఫోటోకు అదే మేలు. 24న చీకటి పడుతుండగా లేస్తాడు, కంటితో చూడడానికి అది బాగుంటుంది. నడిరాత్రి దాకా పిల్లలను మేలుకొలిపి ఉంచవలసిన అవసరం లేదు. చంద్రోదయానికి పావుగంట ముందే చేరుకుంటే చాలు.

ఉదయించేటప్పుడు చంద్రుడు చాలా పెద్దగా అనిపిస్తాడు, దానినే సూపర్ మూన్ అని పిల్లలు పొరబడతారు. అది ప్రతి పున్నమికీ కలిగే భ్రమ. నిజానికి నడినెత్తి మీద ఉన్నప్పటి కంటే ఉదయించేటప్పుడే చంద్రుడు మనకు దాదాపు 6,400 కిలోమీటర్లు, అంటే భూమి వ్యాసార్ధమంత, ఎక్కువ దూరంలో ఉంటాడు. చేయి బారజాపి చిటికెన వేలి గోటితో కప్పమను. మూడు గంటల తరువాత మళ్లీ కప్పమను. రెండుసార్లూ ఒకే గోరు సరిపోవడం వాళ్లే చూస్తారు.

ఇక స్థలం. తూర్పు అడ్డు లేని చెరువు కట్ట దొరికితే అంతకు మించినది లేదు, మన ఓరుగల్లు నేలలో కాకతీయుల పుణ్యమా అని చెరువులకు కొదవ లేదు. పాకాల, లక్నవరం అందమైనవే కానీ అడవిలో ఉన్నవి, చీకటి వేళ పిల్లలను అక్కడికి తీసుకుపోవద్దు. మీ ఊరి కట్టే చాలు. బూట్లు, టార్చిలైట్లు తప్పనిసరి. ఎటు చూడాలన్నది కూడా కాలాన్ని బట్టి మారుతుంది: మార్గశిర, పుష్య మాసాల్లో చంద్రుడు ఈశాన్యం వైపు ఉదయించి మన నడినెత్తి దగ్గరికి వస్తాడు, జ్యేష్ఠంలో, అంటే ఏరువాక పున్నమికి, ఆగ్నేయం వైపు లేచి దక్షిణాన కిందుగానే సాగిపోతాడు. వానాకాలపు పున్నములను నమ్మలేము. నా మటుకు కార్తీక పున్నమిని మించినది లేదు. వానలు వెళ్లిపోయి ఆకాశం తేటపడుతుంది, పైగా 2016 నవంబర్ 14న, 2025 నవంబర్ 5న సూపర్ మూన్లు కార్తీక పున్నమి నాడే వచ్చాయి.

టెలిస్కోప్ కోసం తాపత్రయపడకు. పున్నమి నాడు చంద్రుని మీద ఎండ సూటిగా పడుతుంది, నీడలు ఉండవు, గోతులు, కొండలు తేలిపోతాయి. వాటిని చూడాలంటే సప్తమి, అష్టమి రోజులు మంచివి. పున్నమికి బైనాక్యులర్ చాలు. కుందేలుగా కనిపించే మచ్చలు గడ్డకట్టిన లావా మైదానాలని చెప్పు. టైకో అనే గొయ్యి నుంచి నలువైపులా చిమ్మిన తెల్లని చారలను చూపించు. ఉదయించేటప్పుడు టైకో చంద్రబింబానికి కుడివైపున ఉంటుంది, దానిని దాటి ఇంకా అంచుకు జరిగిన చోట 2023 ఆగస్టు 23న మన చంద్రయాన్-3 దిగింది. ఆ మాట వినగానే పిల్లలు బైనాక్యులర్ వదలరు, చూస్తూ ఉండు.

బ్లూ మూన్ రోజున నీలిరంగు కోసం ఎదురుచూడనివ్వకు. ఇంగ్లీషు నెలలో రెండో పున్నమి అయితే ఆ పేరు, అంతే. గ్రహణం మాత్రం వేరు, దానికోసం రాత్రి మేలుకోవచ్చు. సంపూర్ణ గ్రహణంలో భూమి వాతావరణం గుండా వంగి వచ్చే ఎర్రని కాంతి చంద్రుణ్ణి రాగి రంగుకు తెస్తుంది, ఎంత సేపు చూసినా కంటికి ఏ హానీ లేదు. 2028 డిసెంబర్ 31 రాత్రి పది గంటల ప్రాంతంలో మనకు అటువంటి గ్రహణం ఉంది, ఆ డిసెంబర్‌లో అది రెండో పున్నమి కూడా. ఇప్పుడు నీ దగ్గర ఆరు, ఏడు తరగతుల్లో ఉన్న పిల్లలకు అప్పటికి ఆకాశం బాగా అలవాటై ఉంటుంది.

నా బైనాక్యులర్ శుభ్రం చేసి ఉంచాను. ఈ ఆదివారం ఎవరైనా హుజూరాబాద్ వైపు వస్తే పంపుతాను. పిల్లల చేతికి ఇచ్చే ముందు దాని పట్టీని మెడలో వేయించు. చూసిన ప్రతి పున్నమికీ తేదీ, ఉదయించిన సమయం, ఏ చెట్టు పక్కన లేచాడో ఒక నోటుబుక్కులో వాళ్లచేతనే రాయించి, దసరా సెలవులకు వచ్చినప్పుడు నాకు తెచ్చి చూపించు.

మీ మామ