స్టేట్ పార్ట్ రెండుసార్లు పోయింది, మూడోసారి రాయాలా?

ప్రశ్న: మాది గుంటూరు. ఫ్రిస్కోలో ఉంటున్నాం. హెచ్4 ఈఏడీ (హెచ్1బీ వీసా ఉన్నవాళ్ల జీవిత భాగస్వామికి ఇచ్చే వర్క్ పర్మిట్) వచ్చాక టెక్సాస్ రియల్ ఎస్టేట్ లైసెన్స్ కోసం 180 గంటల కోర్సులు పూర్తి చేశాను. నేషనల్ పార్ట్ పాసయ్యాను కానీ స్టేట్ పార్ట్ రెండుసార్లు ఫెయిలయ్యాను. ఇంట్లో వాళ్లు ఇక వదిలేయమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: వదిలేయకండి అమ్మా. అలాగని రేపే స్లాట్ బుక్ చేసుకోకండి.

పాసైన నేషనల్ పార్ట్ ఎక్కడికీ పోదు. అప్లికేషన్ గడువు ముగిసేలోగా ఒక్క స్టేట్ పార్ట్ రాస్తే చాలు. గడువు అప్లై చేసిన రోజు నుంచి ఏడాది. ముందు ఆ తేదీ చూసుకోండి. మూడోసారి కూడా పోతే ఆ పార్ట్ కోసం మరో 30 గంటల కోర్సు చేశాకే మళ్లీ రాయనిస్తారు. అందుకే నెలో, నెలన్నరో తీసుకున్నా ఫర్వాలేదు, సిద్ధమయ్యాకే వెళ్లండి.

ఫెయిలైన రోజు ఇచ్చిన స్కోర్ రిపోర్టు దాచారా? చాలామంది బాధలో దాన్ని మళ్లీ తెరిచి చూడరు. ఏ టాపిక్‌లో ఎంత తగ్గిందో అందులో ఉంటుంది. రెండు రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండింట్లోనూ తక్కువ వచ్చిన టాపిక్‌తోనే చదువు మొదలుపెట్టండి.

మీరు రాయలేదు కానీ, యాప్‌లో బిట్లు బట్టీ పట్టి ఉంటారని నా అనుమానం. మనకు ఎంసెట్ రోజుల నుంచీ ఉన్న అలవాటు అది. నేషనల్ పార్ట్‌లో కొంతవరకు పనికొస్తుంది. ఎకరం 4840 గజాలని మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు, తొమ్మిదితో గుణిస్తే 43,560 చదరపు అడుగులు, లెక్క అయిపోయింది. స్టేట్ పార్ట్ అలా లొంగదు. అక్కడ అడిగేది టెక్సాస్ చట్టం, టెక్సాస్ ఫారాలు.

ఉదాహరణకు ఆప్షన్ ఫీజు చూడండి, అంటే కొన్ని రోజుల్లోగా కారణం చెప్పకుండా తప్పుకునే హక్కు కోసం కొనేవాళ్లు కట్టే డబ్బు. కాంట్రాక్టు అమల్లోకి వచ్చాక మూడు రోజుల్లో ఆప్షన్ ఫీజు, ఎర్నెస్ట్ మనీ (మన బయానా లాంటిది) రెండూ ఎస్క్రో ఏజెంటుకు, అంటే ఇరువైపుల తరఫున డబ్బు దాచే మూడో మనిషికి చేరాలి. గురువారం అమల్లోకి వస్తే మూడో రోజు ఆదివారం అవుతుంది కాబట్టి గడువు సోమవారానికి జరుగుతుంది. ఆప్షన్ ఫీజు టైముకు చేరకపోతే, కారణం చెప్పకుండా తప్పుకునే హక్కు కొనేవాళ్లకు ఉండదు. ఆ హక్కు వాడుకుని గడువులోగా తప్పుకుంటే ఎర్నెస్ట్ మనీ వెనక్కి వస్తుంది, ఆప్షన్ ఫీజు రాదు. ఇది బిట్‌గా చదివితే వారంలో మరిచిపోతారు. టెక్సాస్ రియల్ ఎస్టేట్ కమిషన్ వెబ్‌సైట్లో ఇళ్ల అమ్మకం కాంట్రాక్టు ఫారం ఉచితంగా దొరుకుతుంది. ప్రింటు తీసుకుని, మీ ఇల్లే కొంటున్నట్టు పేర్లు, ధర, తేదీలు వేసి మొత్తం నింపండి. రెండు మూడుసార్లు నింపితే ఏ పేరాలో ఏముందో చేతికే తెలుస్తుంది.

ఇంటర్మీడియరీ దగ్గర కూడా చాలామంది జారతారు. ఒకే బ్రోకరు కొనేవాళ్లకూ అమ్మేవాళ్లకూ పనిచేస్తే దాన్ని డ్యూయల్ ఏజెన్సీ అని నేషనల్ పార్ట్‌కు చదువుకున్నారు. టెక్సాస్ చట్టం దాన్ని ఒప్పుకోదు. ఇద్దరి రాతపూర్వక అంగీకారంతో బ్రోకరు ఇంటర్మీడియరీగా, అంటే ఎవరి పక్షమూ వహించని మధ్యవర్తిగా ఉండాలి. అందుకే ఈ కొన్ని వారాలూ నేషనల్ పుస్తకం ముట్టుకోకండి.

మాక్ టెస్టులు చివరి పది రోజుల్లో పెట్టుకోండి. పాస్ మార్కు 70 శాతమే అయినా, కొత్త ప్రశ్నల మీద వరసగా 85 దాటుతుంటేనే బుక్ చేయండి. పరీక్ష హాల్లో టెన్షన్‌కు పదిహేను శాతం మార్కులు పోతాయనుకోవాలి.

ఇంట్లో వాళ్ల మాట విషయానికొస్తే, వాళ్ల భయం పరీక్ష గురించి కాకపోవచ్చు. లైసెన్స్ వచ్చాక స్పాన్సర్ చేసే, అంటే తన కింద పనిచేయనిచ్చే బ్రోకరు కావాలి, చాలాచోట్ల జీతం ఉండదు, కమిషనే. మొదటి అమ్మకం దాకా నెలలు పట్టవచ్చు. ఆ లెక్క ఇప్పుడే మీవారితో కూర్చుని వేయండి. ఇద్దరు ముగ్గురు బ్రోకర్లతో మాట్లాడి కమిషన్‌లో వాటా ఎంత, నెలవారీ ఫీజు ఉందా, కొత్తవాళ్లకు పని నేర్పుతారా అని అడగండి. దానికి మీ రిజల్ట్ వచ్చేదాకా ఆగక్కర్లేదు.