తాతగారి రైఫిలు, కిందికి జారే సైటు

ప్రశ్న: మా తాతగారి వించెస్టర్ 1894 రైఫిలు లైసెన్సు నా పేరున మారింది. రిసీవర్‌కు (తూటా ఎక్కే లోహపు భాగం) ఎడమ పక్క పాత లైమన్ 21 పీప్ సైటుంది (చిన్న రంధ్రంలోంచి గురి చూసే సైటు). 100 గజాల్లో గుండు 4 అంగుళాలు కింద పడుతోంది. సైటు కూడా దిగిపోతోంది. – పాఠకుడు, దేవరకొండ

జవాబు: ముందు జారుడు ఆపండి. పీప్ రంధ్రాన్ని మోసే కాడను బిగించే చిన్న లివర్ కింద గడ్డకట్టిన పాత నూనె ఉంటే పట్టు దొరకదు. కిరోసిన్‌లో ముంచిన టూత్‌బ్రష్‌తో తోమి, పొడిగా తుడవండి. పట్టుకారుతో లివర్ తిప్పొద్దు. విరిగితే దొరకడం కష్టం.

ఎత్తుకు లెక్క ఉంది. ముందు సైటు నుంచి పీప్ రంధ్రం దాకా 26 అంగుళాలనుకుందాం. 100 గజాలంటే 3600 అంగుళాలు. 4×26÷3600, అంటే 0.029 అంగుళం, ముప్పావు మిల్లీమీటరు. పీప్‌ను అంత పైకి లేపండి.

ఈ 21లో పక్కలకు సర్దుబాటు లేదు, అది లైమన్ 38 మోడల్‌లో ఉంటుంది. గుండు ఎడమకు పోతుంటే, గాడిలో కూర్చున్న ముందు సైటునే ఎడమకు, ఇత్తడి పుల్లతో మెల్లగా తట్టాలి. స్క్రూడ్రైవర్ మొన గాటు నిండా కూర్చోకపోతే స్క్రూ తల చెడుతుంది. పాత రంగు పాలిష్ చేయకండి, కొత్త రంధ్రాలు అసలే వద్దు: విలువ పోతుంది.