కొత్తగా కొన్న కోళ్లకు పారుడు.. వెంటనే నట్టల మందు వేయాలా?

ప్రశ్న: గత ఆదివారం సంతలో ఆరు నాటుకోడి పెట్టలు, ఒక పుంజు కొన్నాం. ఇంట్లో అప్పటికే నాలుగు పెట్టలు ఉన్నాయి. అన్నింటినీ ఒకే గూట్లో వేశాం. మూడో రోజు నుంచి కొత్తవాటిలో రెండు పెట్టలు నీళ్లలా పారుతున్నాయి, రెక్కలు ముడుచుకుని ఓ మూల కూర్చుంటున్నాయి. నిన్న ఒకదాని రెట్టలో తెల్లటి దారం లాంటి పురుగు కనిపించింది. మందుల షాపులో అడిగితే పిల్లలకు ఇచ్చే నులిపురుగుల మాత్రనే సగం చేసి వేయమన్నారు. వేయొచ్చా? ఈ కోళ్ల గుడ్లు తినొచ్చా? మా పిల్లలు రోజంతా వాటితోనే ఆడుకుంటారు, వాళ్లకేమైనా అంటుకుంటుందేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, జనగామ జిల్లా

జవాబు: ఆ సగం మాత్ర వేయకండమ్మా. స్కూళ్లలో పిల్లలకు ఇచ్చే ఆల్బెండజోల్ మాత్రలో 400 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. కిలోన్నర తూగే నాటు పెట్టకు ఏలికపాముల కోసం 15 మిల్లీగ్రాములు సరిపోతుంది. సగం మాత్ర వేస్తే 200 మిల్లీగ్రాములు పడినట్టే, అంటే కావాల్సిన దానికి పదమూడు రెట్లు. బాగున్న కోడి సంగతి ఎలా ఉన్నా, మూడు రోజులుగా పారుతూ నీరసించిన కోడి మీద ఇలాంటి లెక్కలేని ప్రయోగం వద్దు.

రెట్టలో పురుగు కనిపించింది కాబట్టి పారుడుకు కారణం పురుగేనని మీరు అనుకుంటున్నారు. చాలామంది అక్కడే పొరబడతారు. మీరు చూసింది ఏలికపాము అయి ఉంటుంది. దాని గుడ్డు కోడి కడుపులోకి వెళ్లాక పెద్ద పురుగుగా ఎదగడానికి నెల పైనే పడుతుంది. కాబట్టి అది మీ ఇంట్లో పట్టుకున్నది కాదు, అమ్మినవాళ్ల దొడ్లోంచే వెంట వచ్చింది. బయట తిరిగి మేసే నాటుకోళ్లలో ఎంతోకొంత పురుగులు లేనివి అరుదు. అవి కోడిని మెల్లగా తినేస్తాయి: మేత తింటున్నా ఒళ్లు పట్టదు, తలమీది జుట్టు పాలిపోతుంది, చేత్తో తడిమితే రొమ్ము ఎముక కత్తి అంచులా తగులుతుంది, గుడ్లు తగ్గిపోతాయి. ఇల్లు మారిన మూడో రోజుకే పారుడు పట్టుకుందంటే మాత్రం ముందు వేరే కారణాలు వెతకాలి.

దానికి ఖర్చు లేని పని ఒకటుంది. ఈ రాత్రి ఆ రెండు పెట్టల్ని వేర్వేరు గంపల కింద మూయండి, అడుగున పాత న్యూస్‌పేపర్ పరవండి. పొద్దున్నే గంప ఎత్తి రెట్టలు చూడండి. గట్టిగా, గోధుమ లేదా ఆకుపచ్చ రంగులో, పైన తెల్లటి పూతతో ఉంటే అది మామూలు రెట్ట. ఆ తెలుపు కోడి మూత్రమే, జబ్బు కాదు. ఎనిమిది పది రెట్టలకోసారి జిగటగా, చాక్లెట్ రంగులో, ముక్కు మూసుకునేంత కంపుతో ఒకటి పడుతుంది. అదీ మామూలే. దాన్ని చూసే సగంమంది బెంబేలెత్తి నాకు ఫోన్ చేస్తారు. ఉత్త నీళ్లు, మధ్యలో కొద్దిగా పలుకు కనిపిస్తే ప్రయాణం బడలిక, మేత మారడం, ఎండకు నీళ్లు ఎక్కువ తాగడం లాంటివి కారణం కావొచ్చు. కాళ్లు కట్టి గంటల తరబడి ఎండలో పడేసిన సంత కోడికి ఇది మామూలుగా వచ్చేదే. బియ్యపు గింజల్లాంటి తెల్లటి ముక్కలు కదులుతూ కనిపిస్తే అవి బద్దెపురుగు తునకలు.

రెట్టలో నెత్తురు గానీ, ఎర్రటి జిగురు గానీ కనిపిస్తే అది కాక్సీడియా, రక్తపారుడు. కోడిపిల్లలకే ఎక్కువ వస్తుంది కానీ, ఇంకా గుడ్డుకు రాని లేత పెట్టల్ని కొని ఉంటే వాటికీ రావొచ్చు. నట్టల మందు దీనికి పనిచేయదు. ఆంప్రోలియం పొడిని తాగే నీళ్లలో కలిపి వరసగా నాలుగైదు రోజులు ఇవ్వాలి, వేరే నీళ్లు అందకుండా చూడాలి. ప్యాకెట్టును బట్టి మోతాదు మారుతుంది కాబట్టి డాక్టర్‌కు చూపించి కలపండి. అది ఇచ్చే రోజుల్లో బలానికని బి-విటమిన్ టానిక్ పోయకండి. బి1 విటమిన్‌ను అడ్డుకోవడం ద్వారానే ఆ మందు పనిచేస్తుంది, రెండూ కలిపి ఇస్తే మందు వృథా.

ఆకుపచ్చటి నీళ్ల విరేచనం, నోరు తెరిచి ఊపిరి పీల్చడం, మెడ మెలితిరగడం, రెక్కలు వేలాడేయడం ఉంటే కొక్కెర తెగులును అనుమానించాలి. దానికి మందు లేదు, ముందుగా వేసే టీకా ఒక్కటే దిక్కు. ఇలాంటివి కనిపించినా, ఉన్నట్టుండి రెండు మూడు కోళ్లు చచ్చిపోయినా 1962కు ఫోన్ చేయండి, లేదా మీ మండల పశువైద్యశాలకు చెప్పండి. చచ్చిన కోడిని కోయొద్దు, చెరువులో పారేయొద్దు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది.

పాత నాలుగింటినీ కొత్తవాటినీ ఇవాళే విడదీయండి. కలిసి మేశాయి కదా, ఇప్పుడెందుకు అనుకోవద్దు. పాతవాటికి మేతా నీళ్లూ ముందు పెట్టి, జబ్బువాటి దగ్గరికి చివరన వెళ్లండి. పారుతున్న రెండింటికీ ఒకట్రెండు రోజులు లీటరు నీళ్లలో ఓఆర్ఎస్ ప్యాకెట్ కలిపి పెట్టండి. మెత్తగా ఉడికించిన నూకలు కొద్దికొద్దిగా వేయండి. పొద్దున మేత వేయకముందు మెడ కింద మేతసంచిని తడిమి చూడండి. రాత్రి తిన్నది అరిగిపోయి అది ఖాళీగా ఉండాలి. గట్టిగా ఉన్నా, నీళ్ల తిత్తిలా ఊగుతూ పుల్లటి వాసన వస్తున్నా అది మరో జబ్బు, డాక్టర్‌కు చూపించాల్సిందే. తెలిసినవాళ్లెవరో చెప్పారని యాంటీబయోటిక్ క్యాప్సూల్ విప్పి నీళ్లలో కలపకండి. కొలిస్టిన్ లాంటి మందును కోళ్లకు వాడకుండా కేంద్రం 2019లోనే నిషేధించింది. పసుపు, వెల్లుల్లి కొద్దిగా వేస్తే నష్టం లేదు కానీ వాటితో నట్టలు పోతాయని నమ్ముకోవద్దు. పొగాకు నీళ్లు మాత్రం ఎవరు చెప్పినా పోయొద్దు, కోడి చస్తుంది.

వీలైతే తాజా రెట్ట ఒక చిన్న డబ్బాలో వేసి పశువైద్యశాలకు పట్టుకెళ్లండి. మైక్రోస్కోపులో చూస్తే ఏ పురుగు గుడ్లున్నాయో, కాక్సీడియా ఉందో లేదో తేలిపోతుంది. అందాజాగా మందులు కొనడం కంటే ఇది చవక.

రెట్ట గట్టిపడి, కోడి మేతకు వచ్చాక నట్టల మందు. పశువుల మందుల షాపులో 2.5 శాతం ఆల్బెండజోల్ ద్రావణం దొరుకుతుంది, మిల్లీలీటరుకు 25 మిల్లీగ్రాములు. కిలోన్నర పెట్టకు 0.6 మిల్లీలీటర్లు. సూది తీసేసిన చిన్న సిరంజితో, ముక్కు పక్కనుంచి చుక్కచుక్కగా వేయండి. నాలుక వెనకే గాలిగొట్టం ఉంటుంది, తల ఎత్తిపట్టి గబగబా పోస్తే మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పాతవాటితో సహా అన్నింటికీ ఒకే రోజు వేయాలి. మూడు వారాలకు మరోసారి, ఆ తర్వాత మూడు నెలలకోసారి. బద్దెపురుగు తేలితే మోతాదు పెంచాలి, అది డాక్టర్‌నే రాయమనండి. షాపులో పిపరజిన్ ఇస్తే అది ఏలికపాములకు తప్ప బద్దెపురుగులకు పనిచేయదని గుర్తుంచుకోండి.

మందు వేసిన రెండు మూడు రోజులు రాలిన రెట్టంతా ఎత్తి దూరంగా పాతిపెట్టండి. గూట్లో సున్నం చల్లితే నేల ఆరుతుందే గానీ పురుగు గుడ్లు చావవు. తడిసిన ఊక తీసేసి పొడిది పోయడం, గూటికి ఎండ తగలనివ్వడం ఎక్కువ పనిచేస్తాయి. నట్టల మందు వేసిన వారం పది రోజులకు, అన్నీ హుషారుగా ఉంటేనే, కొక్కెర తెగులుకు ఆర్2బి టీకా వేయించండి. ఇక ముందు కోళ్లు కొంటే జుట్టు ఎర్రగా ఉందా అని మాత్రమే చూడకుండా తోక కింద ఈకలు ఎత్తి చూడండి, రెట్ట అంటుకుని ఉంటే కొనొద్దు. కొన్నవాటిని మూడు నాలుగు వారాలు విడిగా ఉంచాకే పాతవాటితో కలపండి.

గుడ్ల విషయం. మందు సీసా మీద ఎన్ని రోజులు ఆగమని ఉంటే అన్ని రోజులు ఆగండి, ఏమీ రాసి లేకపోతే రెండు వారాలు తినొద్దు, అమ్మొద్దు. కోళ్ల ఏలికపాములు, మీ పిల్లలకు వచ్చే నులిపురుగులు ఒకటి కావు, వాటి గురించి భయం అక్కర్లేదు. కానీ పారుతున్న కోడి రెట్టలో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండొచ్చు, అది మనుషులకు అంటుతుంది. జబ్బు కోళ్లను పిల్లలు ఎత్తుకోకుండా చూడండి, కోళ్లను ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడిగించండి, గుడ్లు పూర్తిగా ఉడికించే పెట్టండి. పిల్లల్లో ఎవరికైనా జ్వరంతో విరేచనాలు మొదలైతే ఇంట్లో జబ్బు కోళ్లున్నాయని పిల్లల డాక్టర్‌కు చెప్పండి.